మాట తెలిసే పెట్టెలు

“అవ్వా, రికార్డు ఆన్ చేసినాను. పాటలకూ టీవీకీ కలిపి ఒక స్పీకరు సెట్టు కొనల్లని ఉండాం. దుడ్డు జాస్తి లేదు. మీ ఇంట్లో సెట్టు నువ్వే హోసూరికి పోయి ఎంచి తెచ్చినావంట గదా. ఎట్ల ఎంచినావో చెప్పు.”

ఆన్ అయిందా? ఎర్ర చుక్క కనిపిస్తా ఉండాదా? సరే. ఫోను ఆ నీళ్ళ చెంబు తావ పెట్టొద్దు సింధూ, ఇట్ల నా పక్క పెట్టు. నువ్వు నా చెల్లెలి మనవరాలివని చెప్తా ఉండాను, అడిగినోళ్ళకంతా చెప్పేదానికి నాకు పొద్దు యాడిది. మొదట ఒకటి అడగతాను, దానికి జవాబు చెప్పు. మీ ఇద్దురూ చిందులేసి ఎగిరేదానికి వింటారా, మాట తెలిసేదానికి వింటారా? నవ్వొద్దు. కొత్తగా కాపురం పెట్టినోళ్ళు, ఎగరతామంటే ఎగరండి, నాకేమి. అయితే ఈ ఒక్కటి మీలో మీరు తేల్చుకోకుండా అంగట్లో కాలు పెడితే, తన తావ అమ్ముడుపోకుండా ఉండేదేదో అది అంగడాయన మీకు అంటగడతాడు. నాకూ అంటగట్టేదానికి చూసినాడు. నా తావ ఆయప్ప పప్పులు ఉడకలేదు.

మా నాయన జవళగిరిలో రేడియో తెచ్చినప్పుడు నాకు పన్నెండేండ్లు. కాదు కాదు, పదే. మా తమ్ముడు ఇంగా చంకలో ఉండె. మూడునూర్లు పెట్టి బెంగళూరి నుంచి తెచ్చినాడు. మూడునూర్లంటే ఏమనుకుంటివి, అప్పుడు దానికి పాలిచ్చే ఆవు వచ్చేది. మా అమ్మ రెండు దినాలు మా నాయనతో మాట్లాడలేదు. దానికి మళ్ళా ఏడాదికొక తూరి పోస్టాఫీసులో లైసెన్సు కట్టల్ల. బండికి కాదమ్మా, రేడియోకే. అడవి పక్క ఊరు, కరెంటు లేదు, బ్యాటరీ మీద పాడేది. చెక్కపెట్టె, ముందర బట్ట, ఆ బట్ట వెనకాల స్పీకరు. దాని ఎదురుగా కూర్చుంటే మనిషి ఎదురుగా కూర్చొని మాట్లాడినట్లే. రేడియోలో ఆయప్ప చేనికి ఎరువు ఎట్ల వెయ్యల్లనో చెప్తా ఉంటే మా అవ్వ, మాకు తెలుసులేప్పా, నువ్వు ఎప్పుడన్నా మడక పట్టి దున్నినావా అని తిట్టేది. తిట్టేదానికైనా మాట తెలియల్ల గదా. తెలిసేది.

నేను కాపురానికి ఈ అత్తిముగం వచ్చినాక, మా నాగరాజు పుట్టినాక, ఈ ఇంటికి టీవీ వచ్చింది. బీరువా మాదిరి తలుపులుండే టీవీ. దానికీ నోరు ముందరే. ఇప్పుడుండేది చూసినావు గదా, గోడకు తగిలించిన పలక. బొమ్మ బాగుంటాది, నేను కాదనను. అయితే దాని నోరు ఈపు పక్క ఉండాదని మాకు ఎవురు చెప్పినారు? మాట పోయి గోడకు తగలల్ల, గోడ చెప్తే మనం వినల్ల. కండ్లుండేవాళ్ళకు అది తెలియనే తెలియదు. ఏంటికి తెలియదో చెప్తాను ఉండు.

మీ తాత, అదే మా ఇంటాయన, ఏం పని చేసేవాడో నీకు తెలుసా? మీ అమ్మ చెప్పలేదా? రాయకోట టమాటా మండీలో ఏలం పాడేవాడు. ముప్పై ఏండ్లు. కోడి కూతకు ముందే లారీ ఎక్కి పోయేవాడు. పెట్టెల మీద నిలబడి ధర పాడితే కింద నుంచి యాభై నోళ్ళు ఒకే తూరి అరిచేవి, అరవంలో ఒకడు, తెలుగులో ఒకడు, కన్నడంలో ఒకడు. ఎవురు ఎంత అన్నారో మీ తాతకు తప్పేది కాదు. నువ్వు యాడ మనిషివని అడక్కుండానే గొంతు విని చెప్పేసేవాడు, నువ్వు పాలక్కోడు, నువ్వు మాలూరు అని. ఆయప్పకు గర్వమంటే అదొక్కటే. నగలు లేవు, భూమి పెద్దగా లేదు, చెవులుండాయి. నేను పెండ్లయిన కొత్తలో గొణిగేదానికి కూడా భయపడతా ఉంటిని, వంటింట్లో గొణిగితే వాకిట్లో జవాబు వచ్చేది.

ఆమీట సుగరు వచ్చింది, సుగరు కండ్లకు ఎక్కింది. సూదులు వేసినారు, లేజరు పెట్టినారు, ఏమీ కాలేదు. రెండేండ్లు అయింది, వెలుతురు తెలుస్తాది, మనిషి తెలియదు. అప్పుడు కూడా మీ తాత అధైర్యపడలేదమ్మా. నాకు చెవులుండాయి, చాలు అన్నాడు. గోడ పట్టుకొని టీ అంగడికి పోయేవాడు, వచ్చేవాడు, పొద్దున్నే టీవీ ముందర కూర్చొని అరవం వార్తలు వినేవాడు. వింటా ఉండాడని మేము అనుకున్నాము. కండ్లు బాగుండేటప్పుడు ఆయప్ప చూసిందెంత, విన్నిందెంత అని ఎవురు కొలిచినారు? కింద అక్షరాలు పోతా ఉంటాయి, మాట్లాడేవాళ్ళ నోరు కనిపిస్తా ఉంటాది, సగం అట్లనే తెలిసిపోతాది. కండ్లు పోయినాక ఆ సగం పోయింది. మేమెవురమూ అది చూసుకోలేదు. ఏమన్నాడు, ఎవురు చచ్చిపోయినారు, యాడ వాన పడింది అని మీ తాత అడగతా ఉంటే, మా సుధ ఒక దినం, మామా నన్ను రొంత విననీ అనింది. మంచి కోడలే, విసుగులో అనింది. ఆ దినం నుంచి అడిగేది మానేసినాడు. తెలిసినంత తెలిసిందని కూర్చునేవాడు.

ఇప్పుడు అసలుది చెప్తాను. అరవంలో ఇరవైకి ఏమంటారు? ఇరుబదు. అరవైకి? అరుబదు. మన తెలుగులోనూ అంతే, ఇరవై, అరవై, మొదటి అక్షరం మింగేస్తే రెండూ ఒకటే. కన్నడంలో అయితే ఇప్పత్తు, అరవత్తు, తప్పు పట్టేదానికి లేదు. మీ తాత వినింది అరవం వార్తలు. టమాటా కిలో ఇరుబదు అని టీవీలో చెప్పినారు. మీ తాతకు అరుబదు అని వినపడింది. ధర అరవైకి ఎక్కిందని టీ అంగడికి పోయి అందరికీ చెప్పేసినాడు. ముప్పై ఏండ్లు ధరలు పాడిన మనిషి చెప్తే ఎవురు కాదంటారు? మా పక్క చేని గోవిందప్ప ఇంగా దోరగా ఉండే కాయలు కూడా పెరికించి, టెంపో మాట్లాడుకొని రాయకోటకు పోయినాడు. ఆడ పోతే ఇరవై. గోవిందప్ప మంచోడు, ఒక్క మాట అనలేదు. అనింది ఇంగొకడు. పేరెందుకులే, టీ తాగేదానికి వచ్చేవాడే. “కండ్లు పాయె, ఇంక చెవులూ పాయె” అని అందరి ముందర నవ్వినాడంట.

మీ తాత గోడ పట్టుకొని ఇంటికి వచ్చినాడు. వాకిట్లో అరుగు, ఆ జగిలి మీద కూర్చున్నాడు. నేను కాఫీ ఇస్తే తీసుకోలేదు. “నాకు చెవులూ పోయినాయి నరసా, ఇంక ఆ టీవీ ముందర నన్ను కూర్చోమనొద్దు” అన్నాడు. అంతే. ఆ దినం నుంచి టీవీ లేదు, టీ అంగడి లేదు, వచ్చిన మనిషితో మాట లేదు. పొద్దున జగిలి మీద కూర్చుంటే పొద్దు మునిగేదాకా ఆడనే. కూడు పెడితే తినేది, పిలిస్తే లేచేది. కండ్లు పోయినప్పుడు నేను ఏడవలేదు, నిజంగా చెప్తా ఉండాను, అప్పుడు ఏడవలేదు. ఇది చూసినాక ఏడ్చినాను. ఈ మనిషిని మళ్ళా లోపలికి తెచ్చి కూర్చోబెట్టకపోతే నేను నరసమ్మనే కాదు అనుకున్నాను.

డాక్టరు తావకు రమ్మంటే రాను అన్నాడు. అక్కడ కూడా పోయిందని చెప్పేస్తే ఇంక ఏముండాది అని భయం, నాకు తెలుసు. అయితే నాకు ఒక అనుమానం. జగిలి మీద కూర్చొని, పువ్వుల ఆటో వస్తా ఉండాది, గేటు తియ్యి అంటాడు. నేను చూస్తే ఆటో ఇంగా మలుపు తిరగలేదు. చెవులు పోయినోడికి అది ఎట్ల తెలుస్తాది? ఒక దినం మద్యాన్నం ఇంట్లో ఎవురూ లేనప్పుడు ఏం చేసినానంటే, కొంగు తీసి నా కండ్లకు కట్టుకొని టీవీ పెట్టుకొని కూర్చున్నాను. అరే! సీత అనిందో గీత అనిందో తెలియలేదు. వెనకాల వాయించే సంగీతం తెలిసింది, మాట మాత్రం గొంతులోనే ఉండిపోయినట్లుంది. కొంగు తీసినాను, మాట తెలిసింది. మళ్ళా కట్టినాను, పోయింది. నాకు బీపీ ఉండాది, సుగరు లేదు, చెవులు బాగుండాయి. చెవులు పోయింది మీ తాతకు కాదు, ఆ టీవీకి.

నాగరాజుకు ఫోన్ చేసినాను. వాడు కంపెనీలో ఉండాడు. టీవీకి మంచి స్పీకరు కావల్లరా అంటే, బారు చాలులేమ్మా, ఎనిమిది వేలల్లో మంచి బారు వస్తాది అన్నాడు. పొద్దున్నే బారు మాట ఎందుకురా, మీ నాయన ఎప్పుడన్నా తాగినాడా అని నేను తిట్టినాను. వాడు నవ్వు ఆపుకోలేక, సౌండు బారు అమ్మా, పొడుగ్గా ఉంటాది, టీవీ కింద పెట్టేది అన్నాడు. మన ఊర్లో బారంటే ఒకటే బారు, నాకేం తెలుసు. కంప్యూటర్లో చూసి ఆర్డరు పెడతాను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వినేదాన్ని వినకుండా ఎట్ల కొంటారు? నేనే పోతాను అన్నాను. ఎనిమిది వేలు, దానిమీద ఒక్క రూపాయి లేదు, అది నేను చేన్లో పువ్వులు అమ్మి కూడబెట్టిన దుడ్డు. పోయే ముందర సుధ ఒక మంచి పని చేసింది, టీవీ వెనకాల వైరు పెట్టే బొక్కలు ఫోటో తీసి నాకిచ్చింది. నువ్వూ తీసుకొని పో. లేకుంటే సెట్టు ఒకటి, వైరు ఒకటి అవుతాది, మళ్ళా బస్సు ఛార్జీ.

హోసూర్లో అంగడి. పేరు వద్దులే. లోపల పెట్టెలు పేర్చి ఉండారు, ఒక్కొక్క దాని మీద వేలు వేలు వాట్లు అని రాసినారు. నేను నోరు తెరిచే లోపలే అంగడాయన ఒకటి పెట్టినాడు. ఐదు చిన్న పెట్టెలు, కింద దిమ్మె మాదిరి ఒక పెద్ద పెట్టె. గుండె అదిరింది, నా తాళి కూడా అదిరింది. ఎట్లుండాదమ్మా సౌండు అని అడిగినాడు. నేను చెప్పినాను, “నాకు సద్దు వద్దప్పా, మాట కావల్ల.” ఆయప్పకు అర్థం కాలేదు. సద్దంటే కన్నడంలోనూ అదే గదా, బండి పోతే సద్దు, వాన పడితే సద్దు, అది ఊరంతా ఉండాది, కొనేదెందుకు అన్నాను.

ఆడ అముద అని ఒక ఆడబిడ్డ పని చేస్తా ఉండె. అరవమే మాట్లాడతాది, మన భాషా తెలుసు. ఆ బిడ్డకు అర్థమయింది. నేను మీ తాత సంగతి చెప్పినాను, ఇరుబదు, అరుబదు సంగతి కూడా చెప్పినాను, సిగ్గు ఏముండాది. చెప్పి, నీ గొంతుతో నా ఫోన్లో ఇరుబదు, అరుబదు అని పది తూర్లు, కలిపి కలిపి చెప్పమ్మా, ఏది ముందరో ఏది వెనకో నాకు తెలియకూడదు అన్నాను. ఆ బిడ్డ బయటికి పోయి మెల్లగా మాట్లాడి రికార్డు చేసుకొని వచ్చింది, వెనకాల బస్సుల సద్దుతోనే. నేను కుర్చీ వేయించుకొని, కొంగుతో కండ్లు కట్టుకొని కూర్చున్నాను. ఒక్కొక్క సెట్టులో అది పెట్టు, నేను చెప్తాను, నువ్వు కాగితం మీద చూసుకో అన్నాను.

నవ్వినారమ్మా. ఫ్రిజ్జు కొనేదానికి వచ్చినోళ్ళు కూడా నిలబడి చూసినారు. అంగడాయన, అమ్మా ఇది అంగడి, పరీక్ష హాలు కాదు అన్నాడు. దుడ్డు నాది, చెవులు నావి, నువ్వు రొంతసేపు కూర్చోప్పా అన్నాను. కూర్చున్నాడు.

ఐదు పెట్టెల దాంట్లో పదికి నాలుగు తప్పు చెప్పినాను. ఆడబిడ్డ గొంతు ఒక తూరి తల మీద, ఒక తూరి ఈపు పక్క, ఎవురు యాడ నిలబడి మాట్లాడతా ఉండారో తెలియలేదు. చూపు లేని మనిషి దాని నడిమధ్య కూర్చుంటే మొకం ఎటు తిప్పుతాడు? వద్దన్నాను. ఆమీట మా వాడు చెప్పిన బారు. అది పరవాలేదు, మాటకని వేరే ఒక బటనే ఉండాది, రెండే తప్పు చెప్పినాను. దాదాపు అదే తీసుకొని ఉంటాను. అయితే రిమోటు చేతిలో పెట్టి, కండ్లు కట్టుకొనే, సౌండు ఎక్కించేది యాడుండాదో తడిమినాను. ఆవగింజలంత బటన్లు, అన్నీ ఒకటే మాదిరి. నేను నొక్కింది ఏదో, ఆఫ్ అయిపోయింది. మీ తాత ప్రతి తూరీ మమ్మల్ని పిలవల్లనా? ఎవురినీ పిలవకుండా ఉండేదానికే గదా ఆయప్ప అడిగేదే మానేసింది. అదీ వద్దన్నాను.

అముదే లోపల నుంచి తెచ్చింది, రెండే రెండు చెక్కపెట్టెలు, ఇంత ఎత్తు, రాగి ముద్ద చేసే తపేలా అంత. వాటికి నడిమధ్య పెట్టే చిన్న ఆంప్లిఫయరు, దాని ముందర గుండ్రంగా తిప్పే గుబ్బ. ఇది ఎవురూ అడగరమ్మా, దీంట్లో అదురు ఉండదు అనింది. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, దూరం దూరంగా పెట్టి వాయించింది. పదికి పది చెప్పినాను సింధూ. ఒక్కటి తప్పలేదు. ఆ బిడ్డ నా ఎదురుగా నిలబడినట్లే ఉండాది. నాకు నమ్మకం లేక ఇంగొక తూరి పెట్టమన్నాను, అప్పుడూ పదే. సరే, మాట అయింది, ఇంక పాట చూడల్ల గదా. పెండ్లి మేళం పెట్టమన్నాను. డోలు ఒక పక్క, నాదస్వరం ఒక పక్క, రెండూ ఒకదాన్నొకటి తినేయకుండా వినపడినాయి. అంగడాయన, ఎగిరే పాటలకు ఇది చాలదమ్మా అన్నాడు. మా ఇంట్లో ఎగిరేవాళ్ళు లేరప్పా అన్నాను. గుబ్బ తిప్పినాను, తిప్పింది చేతికి తెలిసింది. ఎనిమిది వేలల్లోనే వచ్చింది, వైరు కూడా దాంట్లోనే. బిల్లు, గ్యారంటీ కాగితం అడిగి ఇప్పించుకున్నాను. నువ్వూ అడుగు, వాళ్ళుగా ఇవ్వరు.

ఇంతవరకూ నా తెలివి. ఇంక నా తప్పు విను, అది కూడా చెప్పల్ల గదా.

ఆదివారం నాగరాజు వైర్లు పెట్టినాడు, టీవీ సొంత గొంతు ఆపేసినాడు. మా ఇంటి గోడలు నీకు తెలుసు, మా మామ కట్టించిన మన్ను గోడలు, మూరెడు మందం. టీవీకి ఇటొకటి అటొకటి దీపం గూళ్ళు ఉండాయి. పెట్టెలు చూస్తే ఆ గూళ్ళకు కొలిచి చేసినట్లు ఉండాయి. గూట్లో పెట్టండిరా, దేవుడు చూపించిన తావు అని చెప్పింది నేనే. కొత్త వస్తువు ఇంటికి వస్తే ఊరికే పెడతామా, పసుపు కుంకుమ పెట్టినాను, చెరొక బంతిపువ్వు పెట్టినాను, దుమ్ము పడకుండా ముందర రైక గుడ్డ వేలాడదీసినాను. చూసేదానికి ఎంత బాగుండెనో. చూసేదానికి.

మీ తాతను బతిమాలి లోపలికి పిలుచుకొని వచ్చినాను. ఏమీ చెప్పలేదు, మంచం మీద కూర్చో, కాఫీ ఇస్తాను అన్నాను. నాకు తొందర. కాఫీ కూడా ఇవ్వకనే, ఆ ఫోన్లో అముద చెప్పింది పెట్టినాను. “అరుబదు” అన్నాడు మీ తాత. నేను ఆపే లోపలే మా సుధ, అముద రాసిచ్చిన కాగితం చూసి, ఇరుబదు మామా అనేసింది. ఆ బిడ్డ తప్పు లేదు, నోరు జారింది. మీ తాత లేచినాడు. “చెప్పినా గదా నరసా, ఏంటికి నన్ను చంపతావు” అన్నాడు. గోడ పట్టుకొని మళ్ళా జగిలి మీదికి పోయినాడు.

అప్పుడు నా పరిస్థితి ఏమని చెప్పేది. నాగరాజు, పోనీలేమ్మా, వాపసు ఇచ్చేస్తాను అన్నాడు. వాపసు మాట ఎత్తితే నీ తోలు వలుస్తాను అన్నాను. అంగట్లో పదికి పది చెప్పిన చెవులు నావి. పెట్టెలు అవే, ఆడబిడ్డ గొంతు అదే, వైరు అదే. మరి మారింది ఏది? మళ్ళా కొంగు కట్టుకున్నాను, మీ తాత కూర్చున్న తావే కూర్చున్నాను. పెట్టరా అన్నాను. కుండలో మూతి పెట్టి మాట్లాడినట్లు ఉండాది. బుం బుం బుం, అంతా ఒకటే. నాకూ తెలియలేదు, ఏది ఇరుబదో ఏది అరుబదో. కొంగు పెరికి పారేసినాను. గూట్లో నుంచి తియ్యండిరా అని అరిచినాను.

సుధ, బయట పెడితే వైర్లు వేలాడతాయి, చూసేదానికి బాగుండదు అత్తా అనింది. చూసే మనిషికి కాదు ఇది తెచ్చింది అన్నాను. ఆ బిడ్డ తనే పోయి రైక గుడ్డ పెరికింది, పువ్వులు తీసేసింది. నేను ఒక పక్క ముక్కాలి పీట వేసినాను, ఇంగొక పక్క రాగుల డబ్బా బోర్లించినాను. మంచం మీద కూర్చున్న మనిషి చెవి ఎంత ఎత్తులో ఉంటాదో అంత ఎత్తు. గోడకు మూరెడు ముందరికి, రెండింటి మొకాలూ మంచం పక్కకు తిప్పినాను. ఇది రాసుకో సింధూ, నువ్వు ఏది కొన్నా సరే, గూట్లో పెట్టొద్దు, బీరువాలో పెట్టొద్దు, గుడ్డ కప్పొద్దు.

మీ తాతను పిలిచేదానికి నాకు ధైర్యం చాలలేదు. ఏ మొకం పెట్టుకొని పిలిచేది? కిటికీ తెరిచే ఉండె. ఫోను పెట్టినాను, గుబ్బ తిప్పి రొంత ఎక్కించినాను. మేము ముగ్గురమూ కిటికీ పక్క నిలబడినాము. మొదటిది పోయింది. రెండోది పోయింది. బయట నుంచి, మెల్లగా, ఎవురికీ చెప్పనట్లు, “ఇరుబదు” అన్నాడు. సుధ కాగితం చూసి తల ఊపింది. “అరుబదు” అన్నాడు. సరే. “అరుబదు. ఇరుబదు.” గొంతు రొంచెం రొంచెం పెద్దదవతా ఉండాది, మండీలో పాడినట్లు. ఎనిమిదోది, తొమ్మిదోది, పదోది, అన్నీ సరే. ఆమీట మీ తాత అడిగినాడు, “ఎవురే ఆ ఆడబిడ్డ? అరవం మాట్లాడతాది, ఈ పక్క మనిషి కాదు. కల్లావి పక్కదా?”

నాకు ఏం తెలుసు? నేను ఆ బిడ్డను ఊరు అడగనే లేదు. నాగరాజు బిల్లు మీద నంబరు చూసి ఆ అంగడికి ఫోన్ చేసి, అముదను పిలిచి, యాడమ్మా మీ ఊరు అని అడిగినాడు. కల్లావి పక్కనే సార్, ఎవురు చెప్పినారు అనింది ఆ బిడ్డ. నాగరాజు ఆ ఫోను చేత్తో పట్టుకొనే కిటికీలో నుంచి వాళ్ళ నాయన్ని చూసినాడు.

మీ తాత లేచి వచ్చినాడు. ఎవురూ పిలవలేదు. గోడ పట్టుకొని వచ్చినాడు, మంచం తడుముకొని కూర్చున్నాడు, వార్తలు పెట్టమన్నాడు. పెట్టినాము. ఎవురినీ ఏమీ అడగలేదు, వింటా ఉండాడు, తల ఊపతా ఉండాడు. నేను ఒక పక్క నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఒక్క సద్దు రానీయలేదమ్మా, నీమీద ఒట్టు, పక్కన ఉండే సుధకు కూడా తెలియలేదు. మీ తాత నా పక్కకు మొకం కూడా తిప్పలేదు. “ఏమే, ఏడిస్తే ఏడువు, రొంత పక్కకు జరిగి ఏడువు. కుడి పెట్టెకు అడ్డం నిలబడుండావు” అన్నాడు.

ఊఁ... అంతేమ్మా. జరిగినాను. ఇంకేం చేసేది.

నీ కండ్లు ఏంటికి తడి అయినాయి? తుడుచుకో. మీ ఆయన్ని పిలుచుకొని పో, తొందరపడొద్దు, అంగడోడు ఏమన్నా కానీ కుర్చీ వేయించుకొని కూర్చో. ఒకరి మాట ఒకరికి తెలిసేటట్లు, అరవకుండానే తెలిసేటట్లు, ఇద్దురూ నిండుగా బతకండి తల్లీ.